ఆదివారంతో కలిపి

రాయి చెక్కడం మొదలుపెట్టే ముందు చదువుకున్నవాళ్లెవరైనా వచ్చి, గీసిన అక్షరాలన్నీ చూసి, కాగితం మీద 'సరిచూశాను' అని రాసి సంతకం పెట్టాల్సిందే. ఇది బాబూరావు పెట్టుకున్న నియమం. తెనాలిలో అతను ఇరవై ఏళ్లుగా శిలాఫలకాలు చెక్కుతున్నాడు. పేర్లు రాసిచ్చేటప్పుడు అందరికీ తొందరే. ఆవిష్కరణ అయ్యాక మాత్రం ఫలానా పెద్దాయన పేరు ఫలానా ఆయన పేరు కింద ఎలా వేశావని కొట్టు మీదికి వస్తారు. సంతకం ఉంటే ఆ తగువు సంతకం పెట్టినవాళ్ల నెత్తిన పడుతుంది.

ఈసారి సంతకం పెట్టాల్సింది శ్రీరామచంద్రమూర్తి మాస్టారు. రేపల్లె వీరాస్వామి హైస్కూల్లో ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పి, రిటైరై పదకొండేళ్లుగా తెనాలిలో ఉంటున్నారు. స్కూలు పెట్టి యాభై ఏళ్లయిందని 2007 డిసెంబరు పదహారున, ఆదివారం, పెద్ద సభ చేస్తున్నారు. యుద్ధాల్లో పోరాడిన పూర్వ విద్యార్థుల పేర్లతో ఆ రోజే ఒక నల్లరాతి ఫలకం ఆవిష్కరిస్తారు. రాయి తెనాలిలో తయారవుతోంది, మీరూ తెనాలిలోనే ఉన్నారు, ఓ కంట కనిపెట్టండి అని కమిటీవాళ్లు మాస్టారికి అప్పగించారు. ఫలకం అడుగున 'సరిచూసినవారు' అని ఆయన పేరు, పక్కన ఉత్తమ ఉపాధ్యాయుడన్న బిరుదూ వేయిస్తామన్నారు. అది మాస్టారికి నచ్చలేదంటే అబద్ధమే.

సోమవారం పొద్దున టిఫినయ్యాక మాస్టారు కొట్టుకు వెళ్లారు. నాలుగడుగుల రాయి రెండు ఇనప స్టాండ్ల మీద వెల్లకిలా పడుకుని ఉంది. దాని మీద గీతలు కొట్టి, తెల్ల పెన్సిలుతో అక్షరాలు గీసి ఉంచాడు బాబూరావు. మాస్టారు కళ్లజోడు సర్దుకుని, నడుం వంచి, చెరిగిపోకుండా వేలు గాల్లోనే ఆడిస్తూ ఒక్కో పేరూ చదివారు. అందరికన్నా పైన కర్నల్ రఘురామ్, మిగతావాళ్లకన్నా రెట్టింపు సైజులో. సభకు ముఖ్య అతిథి ఆయనే. ఆ కింద డెబ్బై ఒకటి యుద్ధంలో ఉన్నవాళ్లు ముగ్గురు, కార్గిల్‌కు వెళ్లినవాళ్లు ఇద్దరు. అన్నిటికన్నా కింద మాస్టారు. తప్పులేమీ కనపడలేదు. ఆయన జేబులోంచి పెన్ను తీశారు.

బాబూరావు మూలన కూర్చుని ఉలి మొనకు సానపెడుతున్నాడు. తలెత్తకుండానే అడిగాడు.

"మా యలమంద పేరు లేదేంటి మాస్టారూ?"

ఏ యలమంద అని అడిగారు మాస్టారు. టెన్త్ బి సెక్షన్లో తన బెంచీలో కూర్చునేవాడని, పొడుగ్గా ఉండేవాడని, కాలవ అవతలి ఊరి నుంచి నడిచొచ్చేవాడని చెప్పాడు బాబూరావు. సిపాయిగా చేరి ఎనభై ఏడులో శ్రీలంకలో పోయాడు. ఇరవై రెండేళ్లు. మన బడిలో చదివి యుద్ధంలో చచ్చిపోయినవాడు వాడొక్కడే, మిగతా అందరూ తిరిగొచ్చినవాళ్లేనని కూడా అన్నాడు.

మాస్టారికి ఆ పిల్లవాడు గుర్తొచ్చాడు. వెనక బెంచీలో కిటికీ పక్కన. పోయాడన్న సంగతి అప్పట్లో ఎవరో చెప్పగా విన్నారు, అయ్యో అన్నారు, మరిచిపోయారు. ఇప్పుడు ఆ పేరు లేని రాయిని చూస్తుంటే ఆయనకు చెవులు వేడెక్కాయి. మాస్టారి కోపం స్కూల్లో అందరికీ తెలిసిందే. బోర్డు మీద రాస్తూ వెనక్కి తిరగకుండా సుద్దముక్క విసిరితే మాట్లాడుతున్నవాడి నుదుటికే తగిలేది. బతికున్న కర్నల్‌కు రెట్టింపు అక్షరాలా, చచ్చినవాడికి అసలు చోటే లేదా అని కొట్టులో ఉన్న నలుగురూ పని ఆపి చూసేంత గట్టిగా అరిచారు. పెన్ను జేబులో పెట్టుకున్నారు. నేను చెప్పేదాకా ఉలి ముట్టుకోవద్దని బాబూరావుకు చెప్పి బయటపడ్డారు.

మర్నాడు రేపల్లె ప్యాసింజరులో వెళ్లి నేరుగా స్కూలు కార్యదర్శి రాఘవయ్య గదిలోకి నడిచారు. రాఘవయ్య స్కూలు పెట్టిన వీరాస్వామికి మనవడు. అతనూ మాస్టారి దగ్గరే చదువుకున్నాడు. మాస్టారిని చూసి లేచి నిలబడి, కుర్చీ లాగి, ఫ్యాను వేసి, కాఫీకి పంపించాడు. మర్యాదలో లోటు లేదు. విషయం విన్నాక మాత్రం ఆహ్వాన పత్రాల కట్ట ముందుకు లాక్కుని ఒక్కోటీ మడతపెట్టడం మొదలుపెట్టాడు.

ముందు, శ్రీలంకలో జరిగింది యుద్ధం కాదన్నాడు. మనవాళ్లు అక్కడికి వెళ్లింది శాంతి కాపాడ్డానికి, యుద్ధం చెయ్యడానికి కాదు, ఫలకం మీద 'యుద్ధాల్లో పోరాడిన' అని ఉంది కదా అన్నాడు.

"శాంతి కోసం వెళ్లినవాడికి తూటా తగిలితే నొప్పుండదా రాఘవయ్యా? వాడు చచ్చిపోలేదా?"

రాఘవయ్య నవ్వి, ఇంకో కార్డు మడిచాడు. అదొకటే కాదు, పూర్వ విద్యార్థి అంటే ఇక్కడ పదో తరగతి పూర్తి చేసినవాడని సంఘం నియమావళిలో రాసుకున్నామన్నాడు. యలమంద మధ్యలో మానేశాడు. రేపు ఇంకొకడొస్తాడు, మావాడు ఐదో తరగతి దాకా ఇక్కడే చదివాడు, హోంగార్డు చేశాడు, పేరు వెయ్యండి అంటాడు. ఎక్కడో ఒకచోట గీత గియ్యాలి కదా అన్నాడు.

మాస్టారు బల్ల మీద చెయ్యి చరిచారు. కాఫీ గ్లాసు అదిరి సాసర్లోకి తొణికింది. రఘురామ్ ఇక్కడ చదివింది ఆరు, ఏడు తరగతులే. ఆ తర్వాత సైనిక స్కూలుకు వెళ్లిపోయాడు. ఉద్యోగమంతా ఆఫీసుల్లోనే చేశానని ఆయనే పోయినేడాది ఇదే గదిలో కూర్చుని చెప్పాడు. ఆయనకు లేని నియమావళి యలమందకు ఎక్కణ్నుంచి వచ్చిందని అడిగారు. ఆయన సంగతి వేరన్నాడు రాఘవయ్య. ఎలా వేరని మాస్టారు అడిగారు. వేరు మాస్టారూ, అంతే అన్నాడు.

చివరికి కార్డులు పక్కనపెట్టి, గొంతు తగ్గించాడు. ఆ అబ్బాయి బడి ఎప్పుడు మానాడో, ఎందుకు మానాడో కాగితం ఏదైనా ఉంటే తెండి, కమిటీలో పెడదాం అన్నాడు. ఒక్క క్షణం ఆగి ఇంకో మాట కలిపాడు.

"అంత లోతుకి పోవద్దండి మాస్టారూ. మీ మంచికే చెబుతున్నా."

అది బెదిరింపనుకున్నారు మాస్టారు. డెబ్బయ్యో పడిలో పడుతున్న తనను, తన దగ్గర లెక్కల్లో ముప్పై ఐదు దాటనివాడు బెదిరించడమా అని తిరుగు రైల్లో పళ్లు కొరుకుతూనే ఉన్నారు. వేమూరు దగ్గర ఎదురుగా కూర్చున్నాయన ఎక్కడిదాకా అని పలకరిస్తే కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

బుధవారం బాపట్ల వెళ్లారు. యలమంద తల్లి అంకమ్మ తన కూతురు నాగజ్యోతి దగ్గర ఉంటోందని బాబూరావు చెప్పాడు, ఇల్లు రైల్వే గేటు అవతల అన్నాడు. వాకిట్లో నీడ పట్టున కూర్చుని ఆవిడ మినుములు చెరుగుతోంది. చేటను ముందుకూ వెనక్కూ ఆడిస్తూ, పొట్టు ఎగరగొడుతూ, రాళ్లను బొటనవేలితో అంచుకు తోస్తోంది. ఆయన ఎవరో చూడగానే పోల్చింది. అయినా చేతిలో ఉన్న చేట అయ్యేదాకా లేవలేదు. అయ్యాక లోపలికెళ్లి స్టూలు తెచ్చి వేసింది, మంచినీళ్లిచ్చింది.

మాస్టారు వచ్చిన పని చెప్పారు. మీ అబ్బాయికి అన్యాయం జరుగుతోంది, నేను ఊరుకోను, సైన్యం వాళ్లిచ్చిన కాగితాలు ఏమున్నా ఇవ్వమ్మా, ఆ రాఘవయ్య మొహాన కొడతాను అన్నారు. చెబుతున్నంతసేపూ తన గొంతు తనకే బాగుంది. అంకమ్మ విన్నది. విని, మళ్లీ చేటలోకి మినుములు పోసుకుంది.

"మా వాడి పేరు బళ్లోంచి తీసింది మీరే గదండీ. మళ్లీ మీరే ఎక్కిస్తారా?"

మాస్టారికి అర్థం కాలేదు. ఆవిడ చేట ఆడిస్తూనే చెప్పింది. యలమంద పదో తరగతిలో ఉండగా, నవంబరు నెలలో ఒక ఆదివారం, వాళ్ల నాన్న చేలో పాము కరిచి చనిపోయాడు. తలకొరివి పెట్టింది వీడే. పెద్దకర్మ అయ్యేదాకా, పదకొండో రోజు దాకా, కొడుకు గడప దాటకూడదు. దాటలేదు. కర్మ అయిన మర్నాడు పుస్తకాలు తీసుకుని బడికి పోతే పేరు లేదన్నారు. వరసగా పది రోజులు రానివాడి పేరు కొట్టేస్తాం, అది రూలు అన్నారట. మూడు రోజులు క్లాసు బయట నిలబడి వచ్చాడు. నాలుగో రోజు నిలబడ్డానికి కూడా పోలేదు.

రూలు ఉన్నమాట నిజమేనన్నారు మాస్టారు. కానీ అది పనిదినాల లెక్క, మీ అబ్బాయి ఎక్కువ రోజులే మాని ఉంటాడు, మీకు గుర్తులేదు అన్నారు.

"తొమ్మిది రోజులేనండి. మధ్యలో ఆదివారం కూడా కలిపారు. మా వాడు వేళ్ల మీద లెక్కపెట్టి చూపించాడు."

"అలా జరగదమ్మా. ఆదివారం లెక్కలోకి రాదు. ఆ మాత్రం నాకు తెలియదా?"

"మీకు తెలుసండి. అందుకే చెబుతున్నా."

తర్వాత అంకమ్మ లోపలికెళ్లి, నల్ల ట్రంకు పెట్టెలోంచి ఒక ప్లాస్టిక్ సంచీ తెచ్చింది. శ్రీలంక నుంచి కొడుకు రాలేదు, ఆ పెట్టె వచ్చింది. సంచీలో మడతల దగ్గర చిరుగుతున్న ఒక సర్టిఫికెట్టు ఉంది. మాస్టారు విప్పి చదివారు. సైన్యంలో ఉంటూనే యలమంద పదో తరగతికి సమానమైన పరీక్ష రాసి పాసయ్యాడు. లెక్కల్లో నూటికి డెబ్బై రెండు.

"మాస్టారికి చెప్పమ్మా అని ఉత్తరం రాశాడండి. ఆర్నెల్లకి పోయాడు. నేను చెప్పలేదు. చెప్పబుద్ధి కాలేదు."

మాస్టారు సర్టిఫికెట్టు మళ్లీ అవే మడతల మీద జాగ్రత్తగా మడిచారు. తను ఎవరికీ అన్యాయం చెయ్యలేదని, రిజిస్టరు ఇంకా స్కూల్లోనే ఉంటుందని, చూసి వచ్చి తనే చెబుతానని అన్నారు. ఆయన మాటలో బింకం ఇంకా పోలేదు. చూడండి అంది అంకమ్మ. చూశాక పేరు ఎక్కించాలనిపిస్తే ఎందుకు తీసేశారో అది కూడా ఎక్కించండి, ఉత్త పేరు నాకొద్దు అని చెప్పి చేట అందుకుంది.

బాపట్ల నుంచి బస్సులో రేపల్లె చేరేసరికి మూడు దాటింది. గుమాస్తా సుశీల రికార్డు గది తాళం తీసింది. పాత హాజరు పట్టీలు పారెయ్యమని ఎవరూ రాతపూర్వకంగా చెప్పలేదు కాబట్టి అన్నీ అక్కడే, చెదలు తిన్నవి తినగా మిగిలినవి మిగలగా, గోడవారగా పేర్చి ఉన్నాయి. ఎనభై ఒకటి, పదో తరగతి బి. సుశీల గుడ్డతో దులిపి ఇచ్చింది. మాస్టారు కిటికీ దగ్గరికి తీసుకెళ్లి నవంబరు పేజీ తెరిచారు.

తన దస్తూరీ పోల్చుకోవడానికి ఆయనకు కళ్లజోడు అక్కర్లేదు. ఎనిమిదో తేదీ ఆదివారం. తొమ్మిది నుంచి వరసగా నీలం సిరాతో ఆబ్సెంటు గుర్తు: ఏ, ఏ, ఏ. పద్నాలుగో తేదీ బాలల దినోత్సవం, ఆ రోజు ఆటలూ పాటలే అయినా హాజరు తీసుకున్నారు, అక్కడా ఒక ఏ. పదిహేను ఆదివారం. అందరి పేర్లకూ ఎదురుగా ఆ గడిలో అడ్డగీత ఉంది. యలమంద వరసలో మాత్రం, గీత మీదనే, ఏ అని రాసి ఉంది. పద్దెనిమిదో తేదీ దగ్గర ఎర్రసిరా గీత. పక్కన: 'వరుసగా పది రోజులు గైర్హాజరు. పేరు తొలగించడమైనది.' కింద పొట్టి సంతకం. శ్రీ.రా.మూ.

మాస్టారు మళ్లీ లెక్కపెట్టారు. వేళ్ల మీదే లెక్కపెట్టారు. తొమ్మిదే వచ్చాయి.

పొరపాటున చేశానని అనుకోవడానికి ఆయన కొంచెంసేపు ప్రయత్నించారు. కుదరలేదు. ఇరవయ్యో తేదీకల్లా పబ్లిక్ పరీక్ష రాసేవాళ్ల జాబితా పైకి పంపాలి. జాబితాలో ఉన్నవాడు తప్పితే శాతం తగ్గుతుంది. జాబితాలోనే లేనివాడు తప్పడు. ఏటా నవంబరులో మాస్టారు చేసే పని అది. లెక్కల్లో గట్టెక్కరని తోచినవాళ్లు ఎప్పుడు మానతారా అని చూసి, సందు దొరగ్గానే గీత కొట్టడం. ఆ ఒక్క పేజీలోనే ఎర్రగీతలు తొమ్మిది. ఆరేళ్లు వరసగా నూటికి నూరు శాతం అని హెడ్మాస్టరు గదిలో ఆయన పేరుతో బోర్డు వేలాడుతోంది. ఉత్తమ ఉపాధ్యాయుడయింది దాంతోనే.

పంతొమ్మిదో తేదీ పొద్దున గుమ్మంలో నిలబడ్డ కుర్రాడు కూడా గుర్తొచ్చాడు. నున్నగా గొరిగిన తల. అది ఎందుకు గొరిగారో, అన్నాళ్లు ఎందుకు రాలేదో అడగాల్సిన పని లేదు. చిన్నప్పటి నుంచీ ఇంట్లో శ్రాద్ధాలు, కర్మలు చూసిన మనిషి ఆయన. తన తండ్రి పోయినప్పుడు పదమూడు రోజులు సెలవు పెడితే ఒక్కరు ఏమిటని అడగలేదు, తిరిగొచ్చిన రోజు పిల్లలంతా లేచి నిలబడ్డారు. ఆ తల చూసి కూడా, 'నీ పేరు రిజిస్టర్లో లేదు, పో' అన్నారు. తెలియక చేసిన పని కాదు. సోమవారం నుంచీ ఊరందరి మీదా చిందులేసిన కోపం ఇప్పుడు పోవడానికి చోటు లేక ఆయన మీదికే తిరిగింది. తన మీద తనకు అంత అసహ్యం పుట్టగలదని ఆయనకు అప్పటిదాకా తెలియదు.

మంచినీళ్లు కావాలా అని సుశీల అడిగింది. అక్కర్లేదన్నారు. రాఘవయ్య గదిలో లైటు వెలుగుతోంది. అంత లోతుకి పోవద్దన్నది ఎందుకో ఇప్పుడు తెలిసింది. అతనికి ముందే తెలుసు. మాస్టారు అటు వెళ్లలేదు.

ఆ రాత్రి భార్య వేదవతికి అంతా చెప్పారు. ఆవిడ, పేరు ఎక్కించండి, తల్లికి విడిగా క్షమాపణ చెప్పండి, రాళ్ల మీద మనల్ని మనం తిట్టుకోవడం ఎక్కడైనా ఉందా, బంధువులంతా వస్తారు, నలుగురిలో ఎలా తిరుగుతాం అంది. నిజానికి మాస్టారికీ సగం మనసు అలాగే ఉంది. ఒక మూల గదిలో, తలుపేసుకుని, తల్లికి చేతులు జోడించడం తేలికే. ఆ బోర్డు హెడ్మాస్టరు గదిలో ఎప్పటిలాగే వేలాడుతుంది. తెల్లవారేదాకా ఆ తేలిక ఆయన్ని వదల్లేదు.

గురువారం పొద్దున కొట్టుకెళ్లి బాబూరావుకు ఒక కాగితం ఇచ్చారు. అడుగున నా పేరున్న లైను చెరిపెయ్యి, ఆ జాగాలో ఇది గియ్యి అన్నారు. బాబూరావు ఉలి కింద పెట్టి చదివాడు. మళ్లీ చదివాడు. తడిగుడ్డ తీసుకుని లైను తుడవబోయి ఆగాడు.

"చెక్కాక దిద్దడానికుండదు మాస్టారూ."

"అందుకేగా రాయి మీద చెక్కమంటోంది."

నీకు ముందే తెలుసా అని అడిగారు మాస్టారు. తెలియకేం అన్నాడు బాబూరావు. బెంచీలో ఇద్దరం ఉండేవాళ్లం, ఆ నవంబరు నుంచి నేనొక్కణ్నే కూర్చున్నా. మరి ఇన్నేళ్లలో ఒక్కసారైనా అనలేదేమని అడిగారు. బాబూరావు గుడ్డ పిండాడు. ఆ ప్రశ్న ఎంత సిగ్గుమాలినదో మాస్టారికి అడిగాక తెలిసింది. సుద్దముక్కకు భయపడ్డ పిల్లలు పెద్దయ్యాక మాత్రం ఎందుకు చెబుతారు?

పాత అక్షరాలు చెరిగాయి. బాబూరావు స్కేలు పెట్టి సన్నగా గీతలు కొట్టుకున్నాడు, మాటలు ఎక్కువ కాబట్టి సైజు తగ్గించాడు. మాస్టారు నిలబడే చూశారు. గీయడం అయ్యాక ఒక్కో మాటా సరిచూసి, కాగితం మీద సంతకం పెట్టారు. ఈసారి పొట్టి సంతకం కాదు, పేరంతా రాశారు. బాబూరావు మొదటి దెబ్బ యలమందలోని 'య' మీద వేశాడు. నల్లరాతి నుంచి తెల్లటి పొడి లేచింది. సాయంత్రం దాకా మాస్టారు కొట్టులోంచి కదల్లేదు. శనివారం రాయిని గోనెసంచుల్లో చుట్టి, ఆటోలో రేపల్లె తీసుకెళ్లి, హెడ్మాస్టరు గది పక్క గోడలో బిగించి, సిమెంటు ఆరేలోపే పసుపుపచ్చ శాటిన్ గుడ్డ కట్టేశారు. సంతకం ఉన్న కాగితం చూసి రాఘవయ్య తృప్తిపడ్డాడు. గుడ్డ ఎత్తి చూడలేదు. సరిచూసింది మూర్తి మాస్టారాయె.

ఆదివారం సభకు ఆరేడు వందల మంది వచ్చారు. షామియానా కింద ముందు వరసల్లో సోఫాలు, వెనక ప్లాస్టిక్ కుర్చీలు. అంకమ్మ బాపట్ల బస్సు దిగి వచ్చి ఆఖరి వరసలో, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మాస్టారు దగ్గరికెళ్లి ముందుకు రమ్మంటే ఇక్కడ బాగానే ఉందండి అంది. రిజిస్టరు చూశానని, మీ అబ్బాయి లెక్కే సరైనదని ఆయన చెప్పారు. ఆవిడ తలూపింది. అది తనకు ఇరవై ఆరేళ్లుగా తెలిసిన సంగతే.

రాఘవయ్య మైకులో గంటసేపు మాట్లాడాడు. ఈ బడి గడప తొక్కిన ఏ బిడ్డనూ ఈ బడి మరిచిపోదన్నాడు. చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ లేచి గోడ దగ్గరికి కదిలారు. కర్నల్ రఘురామ్ తాడు లాగాడు. గుడ్డ జారింది, ఫొటోలు తీశారు, మళ్లీ చప్పట్లు కొట్టారు. కర్నల్ నల్ల కళ్లద్దాలు తీసి, పైనున్న తన పేరు నుంచి కిందికి చదువుతూ వచ్చి, అడుగున ఆగిపోయాడు. ఆయన మొహంలో నవ్వు పోయింది. ఏమిటా అని ముందుకు వంగిన రాఘవయ్య మొహం కూడా మారింది. అతను తాడుకేసి, నేల మీది గుడ్డకేసి చూశాడు. గుడ్డ అందుకునేలోపు జనాన్ని తోసుకుంటూ అంకమ్మ వచ్చి రాయికి ఎదురుగా నిలబడింది. ఆవిడ్ని పక్కకు జరపడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

"నాకు చదువు రాదు మాస్టారండి. మీరే చదవండి."

మాస్టారు చదివారు. క్లాసులో లెక్క చదివినట్టు, మాట మాటా విడగొట్టి చదివారు.

"కంచర్ల యలమంద, సిపాయి. 1987లో శ్రీలంకలో మరణించాడు. ఈ బడిలో పదో తరగతి బి సెక్షను. తండ్రి కర్మ కోసం తొమ్మిది రోజులు రాకపోతే, ఆదివారంతో కలిపి పదిగా లెక్కగట్టి, పాసు శాతం కోసం 1981 నవంబరు 18న ఇతని పేరు కొట్టేసినది, లెక్కల ఉపాధ్యాయుడు శ్రీరామచంద్రమూర్తి."

మైకు మాస్టారి చేతికి అందకముందే కట్టెయ్యమని రాఘవయ్య వెనక్కి తిరిగి మైకు అతనికి సైగ చేశాడు. నల్లగా, బక్కగా ఉన్న ఆ మనిషి సైగ చూశాడు. మైకు కట్టెయ్యలేదు. తీగ లాక్కుంటూ జనంలోంచి వచ్చి, దాన్ని మాస్టారి నోటి దగ్గర పట్టుకున్నాడు. వెనకవాళ్లకు వినపళ్లేదండి, ఇంకోసారి చదవండి అన్నాడు.

మాస్టారు ఇంకోసారి చదివారు. ఈసారి తన పేరు స్పీకర్లలోంచి కాలవ అవతలికి వినపడింది. ముందు వరసలో ఆయన బంధువులు తలలు దించుకున్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అంకమ్మ చివరిదాకా విని, వేళ్లతో రాయి తడిమి, వాడి పేరు ఏ లైనులో ఉందో అడిగింది. చూపిస్తే, ఆ లైను మీద అరచెయ్యి పెట్టి కాసేపు ఉంచింది. మాస్టారు చేతులు జోడించారు. ఆవిడ ఆ చేతులు చూసింది. ఫరవాలేదని అనలేదు, అనాలని ఆయనా అనుకోలేదు. రెండింటికి బస్సుందండి, వెళ్తా అని సంచీ తీసుకుని గేటు వైపు నడిచింది.

భోజనాలయ్యాక షామియానా విప్పుతున్నారు. రాఘవయ్య కారెక్కి వెళ్లిపోయాడు. మాస్టారు ఒక్కరే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. మైకు అతను మోచేతికీ బొటనవేలికీ మధ్య తీగ చుట్టుకుంటూ ఆయన పక్కగా వచ్చి ఆగాడు. తన పేరు జకరయ్య అని చెప్పాడు. పోల్చుకోలేదా మాస్టారూ అని అడిగాడు. మాస్టారు ఎంత ప్రయత్నించినా గుర్తురాలేదు.

"నా పేరూ మీరే కొట్టేశారండి. ఎనభై నాలుగు నవంబరులో."

మాస్టారు కుర్చీలోంచి లేచారు. ఇంటిపేరు అడిగారు, ఏ సెక్షనో అడిగారు, ఎన్ని రోజులు మానావని అడిగారు. వెతికి చూస్తానని, ఆ పేజీ కూడా ఉండి ఉంటుందని, రాయిస్తానని గబగబా అన్నారు. జేబులు తడుముకుని కాగితం తీశారు. జకరయ్య తీగ చుట్ట భుజానికి తగిలించుకుని, స్పీకరు పెట్టె ఎత్తుకున్నాడు.

"మాకు రాళ్లెందుకులెండి మాస్టారూ. మేం చావలేదుగా."